ఉత్తరాల పెట్టె తెరుచుకోనప్పుడు



ఈ వారం పాఠం కంప్యూటర్‌కు సంబంధించినది. మన పత్రికలో ఈ విషయమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. కాని మన విచారణల్లో ఎందరి బిడ్డలు కువైట్‌లోనో, దుబాయ్‌లోనో, అమెరికాలోనో ఉన్నారో మీకు తెలుసు. వీసా కాగితాలు, కాలేజీ ప్రవేశ పత్రాలు, ఆసుపత్రి రిపోర్టులు, వేరే విచారణ నుంచి రావలసిన జ్ఞానస్నాన ధ్రువపత్రాలు ఈ-మెయిల్ ద్వారానే వస్తున్నాయి. వెనకటికి పోస్ట్‌మాన్ కోసం అరుగు మీద కూర్చుని ఎదురు చూసినట్టే ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాం. ఆ పెట్టె తెరుచుకోకపోతే ఇంట్లో కలిగే ఆందోళన చిన్నదేమీ కాదు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థ మామూలుగా ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ తేదీకి ముందూ వెనుకా చాలామంది తమ కంప్యూటర్లను విండోస్ 11కు మార్చుకున్నారు. మార్పు పూర్తయిందని సంతోషించేలోగా కొందరికి కొత్త చిక్కు వచ్చింది. ఈ-మెయిల్ ప్రోగ్రాం తెరిస్తే ఒక్క క్షణం కనిపించి మూతపడుతుంది. మళ్లీ తెరిస్తే మళ్లీ అంతే. ఇల్లు అలకగానే పండుగ కాదని పెద్దలు ఊరికే అనలేదు.

ఇలాంటప్పుడు ఏం చేయాలి? అంతకంటే ముఖ్యంగా, ఏం చేయకూడదు?

1. ముందుగా విడదీసి చూద్దాం

గురు విద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మాకు మొదట నేర్పిన అలవాటు ఒకటుంది. చిక్కు ప్రశ్న ఎదురైతే వెంటనే అవును, కాదు అనవద్దు. అందులో కలిసిపోయిన విషయాలను ముందు వేరుచేయమనేవారు. పునీత తోమాసు అక్వినాసు పద్ధతి కూడా అదే. 'నా ఈ-మెయిల్ పోయింది' అనే మాటలో కనీసం నాలుగు వేరువేరు సంగతులు కలిసి ఉన్నాయి.

మొదటిది ఉత్తరం, అంటే మీకు వచ్చిన సందేశం. రెండవది దానిని తెరిచి చూపించే ప్రోగ్రాం. అవుట్‌లుక్, థండర్‌బర్డ్, ఫోన్లలో జీ-మెయిల్ యాప్ ఇలాంటివే. మూడవది ఆ ప్రోగ్రాంకు ఆధారమైన విండోస్ లేదా ఆండ్రాయిడ్ వ్యవస్థ. నాలుగవది దూరాన ఉన్న సర్వర్, అంటే మన పోస్టాఫీసు. ఇంట్లో బీరువా తలుపు బిగుసుకుపోతే లోపలి చీరలు పోయినట్టు కాదు. ప్రోగ్రాం మూతపడటమూ, ఉత్తరాలు పోవడమూ ఒకటి కాదు. ఈ ఒక్క తేడా మనసుకు పట్టిందంటే సగం భయం తీరుతుంది.

2. ఉత్తరాలు ఎక్కడ ఉన్నాయి?

మరమ్మతుకు చేయి పెట్టకముందే దీనికి జవాబు తెలుసుకోవాలి. మరో కంప్యూటర్‌లోనో, ఫోన్‌లోనో ఇంటర్నెట్ బ్రౌజర్ తెరిచి మీ ఈ-మెయిల్ సైటులో ప్రవేశించండి. పాత ఉత్తరాలన్నీ అక్కడ కనిపిస్తే అవి సర్వర్‌లో భద్రంగా ఉన్నట్టే. ఇంట్లోని ప్రోగ్రాం పాడైనా ఆ పూటకు మీ పని అక్కడే సాగించుకోవచ్చు.

కనిపించకపోతే జాగ్రత్త అవసరం. ఈ-మెయిల్‌ను తెచ్చుకునే పద్ధతులు ముఖ్యంగా రెండు. ఐమ్యాప్ పద్ధతిలో అసలు ఉత్తరం సర్వర్‌లోనే ఉంటుంది, మన కంప్యూటర్‌లో దాని నకలు ఉంటుంది. పాప్ పద్ధతిలో ఉత్తరం మన కంప్యూటర్‌లోకి దిగుతుంది. ఆ అమరికను బట్టి సర్వర్‌లోని ప్రతి చెరిగిపోవచ్చు కూడా. అప్పుడు మీ కంప్యూటర్‌లో ఉన్నదే ఏకైక ప్రతి. అవుట్‌లుక్‌లో పాప్ ఖాతాల ఉత్తరాలు సాధారణంగా పి.ఎస్.టి. అనే దస్త్రంలో ఉంటాయి. డాక్యుమెంట్స్‌లో 'అవుట్‌లుక్ ఫైల్స్' అనే ఫోల్డర్‌లో చూడండి.

అవుట్‌లుక్‌ను పూర్తిగా మూసివేసి, ఆ దస్త్రాన్ని పెన్‌డ్రైవ్‌లోకో, విడి హార్డ్‌డిస్కులోకో నకలు తీసుకోండి. ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధం చేసిన పెన్‌డ్రైవ్‌లో 4 జి.బి.కి మించిన ఒక్క దస్త్రం పట్టదు. పెన్‌డ్రైవ్‌లో 32 జి.బి. ఖాళీ ఉన్నా 'చాలదు' అని చెబుతుంది. అప్పుడు ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవ్‌ గాని, విడి హార్డ్‌డిస్కు గాని వాడండి. నకలు చేతికి వచ్చేదాకా మిగతా ఏ పనీ మొదలుపెట్టవద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా విచారణలో ఒక తల్లి ఉన్నారు. ఆమె భర్త చాలా ఏళ్లు గల్ఫ్‌లో పనిచేసి, అక్కడి నుంచి వారానికో ఉత్తరం ఈ-మెయిల్‌లో రాసేవారు. ఆయన ఇప్పుడు లేరు. కొడుకు కంప్యూటర్‌ను విండోస్ 11కు మార్చిన మరునాటి నుంచి అవుట్‌లుక్ తెరుచుకోలేదు. పాప్ పద్ధతి కావడం వల్ల సర్వర్‌లో ఒక్క ఉత్తరమూ మిగల్లేదు. మరమ్మతు దుకాణంలో చూసిన కుర్రవాడు, 'అమ్మా, అంతా తుడిచేసి కొత్తగా వేస్తే గంటలో బాగవుతుంది' అన్నాడట. అతను చెడ్డవాడు కాదు. అతనికి కంప్యూటర్ బాగుపడితే చాలు. ఆమెకు కావలసింది కంప్యూటర్ కాదు. అదృష్టవశాత్తు ఆమె 'ఇంట్లో అడిగి చెబుతా' అని దానిని వెనక్కి తెచ్చుకున్నారు. ముందు ఆ దస్త్రానికి నకలు తీశాం. ఆ తర్వాత వెతికితే అవుట్‌లుక్‌కు అతుక్కుని ఉన్న పాత యాంటీవైరస్ తోక ఒకటి గొడవ చేస్తోందని తేలింది. దాన్ని తీసేశాక ఉత్తరాలన్నీ వరుసగా కనిపించాయి.

ఎలుకల బాధ పడలేక ఇంటికి నిప్పు పెట్టుకున్న సామెత మనకు తెలియనిది కాదు. 'ఫార్మాట్' అన్న మాట వినగానే అది గుర్తుకు రావాలి.

3. కాకి వాలింది, తాటిపండు పడింది

కాకి వచ్చి తాటిచెట్టు మీద వాలిన క్షణానే పండు రాలింది. చూసినవాడు కాకి బరువుకే పండు పడిందన్నాడు. దీనినే మన పెద్దలు కాకతాళీయ న్యాయమన్నారు. ఒకదాని తర్వాత మరొకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండవదానికి కారణమని చెప్పలేం. పాశ్చాత్య తర్కశాస్త్రం కూడా దీనిని ఒక పెద్ద పొరపాటుగా లెక్కిస్తుంది.

విండోస్ మారిన తర్వాత అవుట్‌లుక్ మూతపడుతోంది, కనుక విండోస్‌దే తప్పు అనడం సులభం. కొన్నిసార్లు అది నిజం కూడా. 2026 జనవరి 13న విడుదలైన విండోస్ నవీకరణ తర్వాత పాప్ ఖాతాలూ పి.ఎస్.టి. దస్త్రాలూ వాడే కొందరికి అవుట్‌లుక్ బిగుసుకుపోయింది. మైక్రోసాఫ్ట్ సంస్థే ఆ సంగతి ప్రకటించి అదే నెలలో సవరణ విడుదల చేసింది.

మరికొన్నిసార్లు దోషం మనం ఊహించని చోట ఉంటుంది. 2021 మార్చి 22, 23 తేదీలలో లోకమంతటా ఎన్నో ఆండ్రాయిడ్ ఫోన్లలో జీ-మెయిల్ తెరవగానే మూతపడసాగింది. జనం జీ-మెయిల్‌ను తిట్టుకున్నారు. దోషం దానిది కాదు. యాప్‌ల లోపల వెబ్ పేజీలను చూపించడానికి ఆండ్రాయిడ్‌లో 'వెబ్‌వ్యూ' అనే ఉమ్మడి భాగం ఉంది. దానిలో లోపం రావడంతో, దానిపై ఆధారపడిన ఎన్నో యాప్‌లు ఒకేసారి కూలబడ్డాయి. గూగుల్ సంస్థ వెబ్‌వ్యూకూ క్రోమ్‌కూ సవరణ పంపాక అవన్నీ లేచాయి. ఏడ్చినవాడే రోగి అనుకుంటే పొరబడతాం. ఒక్కోసారి ఏడ్చేది బిడ్డ, జబ్బు తల్లిపాలది.

మూడవ రకం కూడా ఉంది. విండోస్ మార్పు సందర్భం మాత్రమే, కారణం వేరే. పై తల్లి విషయంలో జరిగింది అదే. ఆ పాత తోక ఎప్పటినుంచో అక్కడే ఉంది. కొత్త వ్యవస్థలో దానికి చోటు కుదరలేదు. పాత తిత్తిలో కొత్త ద్రాక్షారసం పోస్తే ఏమవుతుందో ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలుసు. తిత్తి పిగిలిందని రసాన్ని ఒక్కదాన్నే నిందిస్తే ఎలా?

4. ఒక్కొక్కటిగా పరీక్షించే విధానం

జాన్ స్టువర్ట్ మిల్ అనే ఆంగ్ల తత్వవేత్త 1843లో ప్రచురించిన తర్కశాస్త్ర గ్రంథంలో కారణాన్ని కనుగొనే పద్ధతులను వివరించాడు. వాటిలో ఒకటి భేద పద్ధతి. అన్నీ యథాతథంగా ఉంచి ఒక్కదాన్ని మాత్రమే మార్చి చూడాలి. ఫలితం మారితే ఆ ఒక్కదానికీ దానికీ సంబంధం ఉన్నట్టు. ఒకేసారి నాలుగు మార్చితే కంప్యూటర్ బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. మళ్లీ పాడైతే మళ్లీ మొదటికే వస్తాం. ఈ సూత్రం మనసులో పెట్టుకుని ఈ క్రింది వరుసలో చూడండి.

మొదటి మెట్టు: కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేయండి. విండోస్‌కూ, ఆఫీస్‌కూ మిగిలి ఉన్న నవీకరణలు పూర్తిచేయండి. చాలా లోపాలకు సవరణ అప్పటికే సిద్ధంగా ఉంటుంది.

రెండవ మెట్టు: మీరు తెరుస్తున్నది ఏ ప్రోగ్రామో చూసుకోండి. విండోస్ 11లో 'కొత్త అవుట్‌లుక్' ఒకటి వస్తుంది. ఆఫీస్‌తో వచ్చే పాతదానికి 'అవుట్‌లుక్ క్లాసిక్' అని పేరు. రెండింటి గుర్తులూ ఒకేలా ఉంటాయి. కొత్తదాన్ని తెరిచి పాత ఉత్తరాలు లేవని గాభరా పడవద్దు. అలాగే విండోస్ 10తో వచ్చిన 'మెయిల్' అనే ప్రోగ్రాంకు 2024 డిసెంబర్ 31తో మద్దతు ముగిసింది. అది పనిచేయడం లేదంటే మీ కంప్యూటర్ దోషం కాదు, దాని కాలం చెల్లింది.

మూడవ మెట్టు: ఎప్పుడు మూతపడుతోందో గమనించి కాగితం మీద రాసుకోండి. తెరవగానేనా? ఫలానా ఉత్తరం మీద నొక్కినప్పుడా? ప్రింట్ ఇచ్చినప్పుడా? తర్వాత 'ఈవెంట్ వ్యూయర్' తెరిచి, విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ అనే విభాగం చూడండి. ఆ వేళకు ఎర్రగుర్తుతో ఒక నమోదు ఉంటుంది. అందులో కూలిన ప్రోగ్రాం పేరూ, 'ఫాల్టింగ్ మాడ్యూల్' అని మరో పేరూ ఉంటాయి. ఆ రెండో పేరే తరచు అసలు దొంగ జాడ చెబుతుంది. అది తీర్పు కాదు, సాక్ష్యం మాత్రమే. రాసి పెట్టుకోండి.

నాలుగవ మెట్టు: కీబోర్డులో కంట్రోల్ మీటను నొక్కి పట్టుకుని అవుట్‌లుక్ క్లాసిక్ గుర్తు మీద నొక్కండి. సేఫ్ మోడ్‌లో తెరవమంటారా అని అడుగుతుంది. అవునని చెప్పండి. ఈ పద్ధతిలో ప్రోగ్రాం తన అతుకులు లేకుండా తెరుచుకుంటుంది. అప్పుడు సజావుగా పనిచేస్తే దోషం బహుశా ఆ అతుకుల్లో, అంటే యాడ్-ఇన్‌లలో ఉంది. ఫైల్, ఆప్షన్స్, యాడ్-ఇన్స్ అనే వరుసలో వెళ్లి, అడుగున 'కామ్ యాడ్-ఇన్స్' ఎంచుకుని 'గో' నొక్కండి. అన్నింటి టిక్కులూ తీసివేసి మామూలుగా తెరవండి. ఆపై ఒక్కొక్కదానికి టిక్కు పెడుతూ, ప్రతిసారీ మూసి తెరుస్తూ చూడండి. ఏది పెట్టగానే మళ్లీ కూలిందో అదే దోషి.

ఐదవ మెట్టు: సేఫ్ మోడ్‌లో కూడా కూలుతుంటే ఆఫీస్‌ను మరమ్మతు చేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్‌లోకి వెళ్లి ఆఫీస్ దగ్గర 'మాడిఫై' నొక్కితే 'క్విక్ రిపేర్' వస్తుంది. దానితో తీరకపోతే 'ఆన్‌లైన్ రిపేర్'. రెండవదానికి ఎక్కువ సమయమూ, ఇంటర్నెట్టూ కావాలి.

ఆరవ మెట్టు: కంట్రోల్ పానెల్‌లో 'మెయిల్' తెరిచి, 'షో ప్రొఫైల్స్' ద్వారా కొత్త ప్రొఫైల్ ఒకటి చేర్చి చూడండి. పాతదాన్ని తొలగించవద్దు. కొత్తది పనిచేస్తే పాత అమరికే పాడైందని తెలుస్తుంది.

ఏడవ మెట్టు: పి.ఎస్.టి. దస్త్రమే దెబ్బతిన్నదేమో చూడటానికి ఆఫీస్‌తోపాటే వచ్చే 'ఇన్‌బాక్స్ రిపేర్ టూల్' ఉంది. దాని దస్త్రం పేరు స్కాన్‌పి.ఎస్.టి. ఇది దస్త్రాన్ని మార్చుతుంది గనుక నకలు లేకుండా వాడవద్దు. దస్త్రం మరీ పెద్దదైనా ఇబ్బందే. అవుట్‌లుక్ 2010 నుంచి ఈ దస్త్రానికి మామూలు పరిమితి 50 జి.బి. మరొక మాట. డాక్యుమెంట్స్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉంటే పి.ఎస్.టి.ని అక్కడి నుంచి మామూలు ఫోల్డర్‌లోకి మార్చడం మంచిది.

ఏదీ కుదరకపోతే, విండోస్ మార్చి 10 రోజులు దాటకముందే సెట్టింగ్స్‌లో సిస్టం, రికవరీ అనే చోట 'గో బ్యాక్' ద్వారా పాత విండోస్‌కు వెళ్లే అవకాశం సాధారణంగా ఉంటుంది. మద్దతు ముగిసిన వ్యవస్థలో ఎక్కువ కాలం ఉండటం క్షేమం కాదు గనుక దీనిని చివరి దారిగానే చూడండి.

ఫోన్‌లో జీ-మెయిల్ మూతపడుతుంటే ప్లే స్టోర్‌లో జీ-మెయిల్, క్రోమ్, ఆండ్రాయిడ్ సిస్టం వెబ్‌వ్యూ మూడింటినీ నవీకరించండి. తర్వాత యాప్ సెట్టింగ్స్‌లో 'క్లియర్ క్యాష్' చేయండి. దాని పక్కనే ఉండే 'క్లియర్ డేటా' జోలికి తొందరపడి పోవద్దు. ఇంకా పంపని ఉత్తరాలు పోవచ్చు.

5. తప్పక పాటించవలసిన హెచ్చరిక

కంగారులో ఉన్నవారి కోసం వలవేసి కూర్చున్నవారు ఉన్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన 'కస్టమర్ కేర్' నంబరుకు ఫోన్ చేయవద్దు. మీ కంప్యూటర్ పాడైందని తమంతట తామే ఫోన్ చేసేవారిని నమ్మవద్దు. వారు చెప్పిన యాప్ వేసి మీ తెరను వారి చేతికి ఇస్తే, ఉత్తరాలతోపాటు బ్యాంకు ఖాతా కూడా వారి చేతిలో పెట్టినట్టే. ఓ.టి.పి., పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఈ విషయం ఒంటరిగా ఉండే వృద్ధులకు యువకులు ఓపికగా చెప్పాలి.

6. ఆత్మ పరిశోధనకు ఒక పాఠం

పైన సందర్భం వేరు, కారణం వేరు అన్నాం. ఈ తేడా పాపసంకీర్తనానికి సిద్ధపడేవారికి కూడా ఎంతో అవసరం. 'నేను చెడ్డవాణ్ణి, అంతే' అనేవాడు కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయమనేవాడి వంటివాడు. ఏ తప్పు, ఏ వేళ, ఎవరి పట్ల, దేని తర్వాత జరిగిందో వెతకడు. 'నా భార్య నోరు మంచిది కాదు గనుక తాగుతున్నాను' అనేవాడు కాకి మీద నేరం మోపేవాడు. భార్య మాట సందర్భమై ఉండవచ్చు. గ్లాసు ఎత్తింది మాత్రం అతని చేయే. సందర్భాన్ని తప్పించుకోవాలి, కారణానికి బాధ్యత వహించాలి. తిరుసభ మనకు నేర్పేది ఈ రెండూ.

కుటుంబ కలహాల్లో కూడా ఇంతే. కోడలు వచ్చాక ఇల్లు పాడైందంటారు. ఎప్పటినుంచో ఇంట్లో అతుక్కుని ఉన్న పాత పగ ఏదో కొత్త మనిషి రాకతో బయటపడి ఉండవచ్చు. దానిని వెతికి తీయండి. ఇల్లంతా తుడిచివేయమనకండి. పోగొట్టుకున్న నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లు ఊడ్చిన స్త్రీని లూకా సువార్తలో చూస్తాం. ఆమె కేకలు వేయలేదు, ఇల్లు కూల్చలేదు. మూలమూలా వెతికింది.

2025 సెప్టెంబర్ 7న పోపు లియో 14వారు పునీతునిగా ప్రకటించిన కార్లో అకుటిస్, 15 ఏళ్ల వయసులో 2006లో మరణించిన బాలుడు. కంప్యూటర్ మీద అతనికున్న నేర్పును దివ్యసత్ప్రసాదపు అద్భుతాలను లోకానికి తెలియజేయడానికి వినియోగించాడు. యంత్రం మన సేవకు ఉన్నది, మనం దానికి కాదు. అది మొరాయించినప్పుడు కూడా మన శాంతి దాని చేతిలో ఉండకూడదు.

ఆఖరుగా ఒక చిన్న పని. కంప్యూటర్ బాగా పనిచేస్తున్న ఈ రోజే ముఖ్యమైన ఉత్తరాలకు నకళ్లు తీసి పెట్టుకోండి. దొంగలు పడిన ఆరు నెలలకు మొరిగిన కుక్క వల్ల ఇంటికి లాభమేమిటి?

కుటుంబంలో కలిసి ఆలోచించడానికి

1. మన ఇంట్లో పోతే తిరిగి రాని ఉత్తరాలు, ఫోటోలు, పత్రాలు ఏవి? వాటి రెండవ ప్రతి ఎక్కడ ఉంది?

2. ఈ నెలలో మనం ఎవరి మీదనైనా నేరం మోపామా? వారు కారణమా, సందర్భమా?

3. మన వీధిలో ఒంటరిగా ఉన్న ఏ పెద్దవారికి ఈ ఆదివారం పూజ తర్వాత వెళ్లి ఫోనో, కంప్యూటరో సరిచేసి ఇవ్వగలం?

ప్రభువు మీ ఇళ్లను, దూరాన ఉన్న మీ బిడ్డలను కాపాడును గాక.